నిధులు చాలనప్పుడు మొదటి తాళం లైబ్రరీకేనా?

నాలుగురోడ్ల కూడలి (చర్చ మొదలుపెట్టినవారు):

సూటిగా అడుగుతున్నాను. నగర కౌన్సిల్‌కి ఆదాయం తగ్గింది, ఖర్చు పెరిగింది. రోజువారీ ఖర్చుకి అప్పు చేయడానికి చాలాచోట్ల చట్టమే ఒప్పుకోదు. కాబట్టి ఎక్కడో ఒకచోట కోత తప్పదు. నీళ్ళు, డ్రైనేజీ, చెత్త, రోడ్లు, వీధిదీపాలు, వీటి జోలికి పోకూడదు. ఇక మిగిలినవి లైబ్రరీ, ఈతకొలను, కమ్యూనిటీ హాలు, పెద్దవాళ్ళ డే కేర్, యువజన కేంద్రం. ఉంటే సంతోషమే, కానీ లేకపోతే నగరం ఆగిపోదు. ముందు వీటినే తగ్గించాలని నా వాదన. పన్ను పెంచమనడం తేలికే. కట్టేవాడికీ ఒక బడ్జెట్ ఉంటుంది కదా, అతని జీతం కౌన్సిల్ తీర్మానంతో పెరగదు.

కాదనేవాళ్ళు దయచేసి ‘సేవలు ముఖ్యం’ అని చెప్పి ఊరుకోకండి. ముఖ్యమే, నేనూ ఒప్పుకుంటాను. డబ్బు ఎక్కడినుంచి తెస్తారో చెప్పండి.

పద్దుల పుస్తకం:

కూడలి గారూ, ఒక మున్సిపల్ అకౌంట్స్ సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. కోత ఎలా పడుతుందో దగ్గరుండి చూసినదాన్ని.

బడ్జెట్ షీట్‌లో ఒక్కో పద్దుకి ఎదురుగా నిరుటి అసలు ఖర్చు, ఈ ఏడాది అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా అని గళ్ళుంటాయి. మీటింగ్‌లో లోటు ఇంత అని అంకె చెప్పగానే అందరి పెన్సిళ్ళూ పైనుంచి కిందికి దిగడం మొదలవుతుంది. జీతాలు, ఆపలేం. పెన్షన్లు, ఆపలేం. అప్పుల వాయిదా ఆపితే రేపు కొత్త అప్పు పుట్టదు. కరెంటు బిల్లు ఆపితే నీళ్ళ పంపులు ఆగుతాయి. చెత్త కాంట్రాక్టు ఇంకా మూడేళ్ళుంది. పైనుంచి ఫలానా పనికే అని వచ్చిన గ్రాంటుని ఇంకోదానికి వాడితే ఆడిట్ అభ్యంతరం. పేజీ చివరికొచ్చేసరికి వెనకాల ఏ కాంట్రాక్టూ లేనివి, ఎవరూ కోర్టుకెక్కనివి కొన్ని మిగులుతాయి. లైబ్రరీ పుస్తకాలు, పార్కుల నిర్వహణ, బిల్డింగుల రిపేర్లు. పెన్సిల్ వాటి మీద ఆగుతుంది. అవి పనికిరానివని కాదు, అడ్డుచెప్పే నోరు వాటికి లేదని.

ఇప్పుడు అసలు సంగతి. లైబ్రరీకి తాళం వేస్తే ఎంత మిగులుతుంది? లైబ్రేరియన్ పర్మనెంట్ ఉద్యోగి. ఆవిణ్ణి జనన మరణాల సెక్షన్‌లో కూర్చోబెడతారు. జీతం ఆ పద్దులోంచి ఈ పద్దులోకి నడిచొస్తుంది, అంతే. ఖాళీ బిల్డింగ్‌కి వాచ్‌మన్ కావాలి. కరెంటు కనీస ఛార్జీ వస్తూనే ఉంటుంది. నికరంగా ఆగేది పుస్తకాల డబ్బు, పేపర్ల బిల్లు, ఫ్యాన్లు తిరిగిన కరెంటు. ప్రకటనలో మాత్రం పద్దు మొత్తం అంకె వేసి ‘ఇంత ఆదా’ అంటారు. మీరు కోయమంటున్న చోట కోతకొచ్చేదే కొంచెం.

మొండిపట్టు:

ఇంత వేదాంతం ఎందుకండీ. వాడుకునేవాడు కట్టాలి. ఈత కొట్టేవాడు టికెట్ కొనాలి, హాలు తీసుకునేవాడు అద్దె ఇవ్వాలి. ఈత రాని నేను పక్కవాడి ఈతకి పన్నెందుకు కట్టాలి?

గళ్ళ గొడుగు:

ఇల్లు ఎప్పుడూ అంటుకోనివాళ్ళం కూడా ఫైరింజన్‌కి కడుతున్నాం కదా.

మొండిపట్టు:

ఫైరింజన్ వేరు. పక్కిల్లు కాలితే నాదీ అంటుకుంటుంది. పక్కవాడి ఈత నాకంటుకోదు.

(గొడుగు గారికి దీనికి జవాబు దొరకదని నా నమ్మకం.)

సాయంత్రం పాఠకురాలు:

ఫీజుల సంగతి తర్వాత. ‘ఎవరూ రావడంలేదు కాబట్టి తగ్గిద్దాం’ అనే మాట ఎలా పుడుతుందో చెప్తాను, నా కళ్ళముందు జరిగింది.

నేను ఆఫీసు అయ్యాక వెళ్ళే లైబ్రరీ ఒకటుండేది. రాత్రి ఎనిమిదిదాకా తెరిచుండేది. ఒక బడ్జెట్‌లో ఓవర్‌టైమ్ కొట్టేసి టైమింగ్స్ పది నుంచి అయిదు చేశారు. అయిదింటికి ఇంకా ఆఫీసులోనే ఉంటాం మాలాంటివాళ్ళం. కాలేజీ పిల్లలూ అంతే. ఇక వచ్చేది రిటైరైనవాళ్ళు, పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు. లోపల గుమ్మం పక్కనే ఒక రిజిస్టర్ ఉండేది, వచ్చినవాళ్ళు పేరు రాసి సంతకం పెట్టాలి. పాత పేజీల్లో గీతలు చాలక అంచుల్లో కూడా రాసేవాళ్ళం. కొత్త పేజీల్లో సగానికే ఆగిపోయేది. ఏడాది తిరిగాక ఆ రిజిస్టర్‌నే చూపించి ‘వాడకం తగ్గింది’ అని వారానికి రెండు రోజులు మూసేశారు. ఆ తర్వాత కొత్త పుస్తకాలు ఆపేశారు. అప్పుడు మిగిలినవాళ్ళూ మానేశారు.

మొదటి కోత రెండో కోతకి సాక్ష్యం తయారుచేసింది. కూడలి గారూ, ‘కొద్దిమందే వాడతారు’ అని మీరు లెక్క తెచ్చినప్పుడు, ఆ లెక్క ఎప్పటిదో కూడా చూడండి.

నాలుగురోడ్ల కూడలి:

మీ రిజిస్టర్ మాట న్యాయంగానే ఉంది. కానీ ఎవరికీ కాదనలేక అన్నీ నెత్తికెత్తుకున్న కౌన్సిల్ ఎక్కడ తేలుతుందో కూడా చూశాం కదా. అమెరికాలోని డెట్రాయిట్ నగరం 2013 జులైలో దివాలా పిటిషన్ వేసింది, సుమారు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో. అప్పటికే అక్కడి వీధిదీపాల్లో దాదాపు 40 శాతం వెలగడంలేదు. ముందే మాకు స్తోమత లేదు అని గట్టిగా చెప్పుంటే ఆ చీకటి వచ్చేది కాదు.

వీధిదీపం:

నా పేరు తలిచారు కాబట్టి వచ్చాను.

డెట్రాయిట్‌ని ముంచింది లైబ్రరీలు కావండీ. 1950లో ఆ నగరంలో 18 లక్షల పైచిలుకు జనం. 2010కి 7 లక్షల చిల్లర. ఫ్యాక్టరీలు పోయాయి, ఉన్నవాళ్ళు శివార్లకి వెళ్ళిపోయారు. పన్ను కట్టే చేతులు సగానికి పైగా పోయాయి, కానీ రోడ్డు పొడవు తగ్గలేదు, పైపులు తగ్గలేదు, రిటైరైనవాళ్ళకి ఇస్తామన్న పెన్షన్లు తగ్గలేదు. పదిమంది మోసే పల్లకీని నలుగురు మోసినట్టయింది. దానికి యువజన కేంద్రం మూసేస్తే సరిపోయేదా?

ఇంకొకటి. దివాలాలో అప్పులవాళ్ళ కన్ను ఎక్కడ పడింది? నగరం చేతిలో ఉన్న ఆర్ట్ మ్యూజియం మీద. బొమ్మలమ్మి బాకీ తీర్చమన్నారు. చివరికి దాతృత్వ ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం దాతలు కలిసి 80 కోట్ల డాలర్లకి పైగా ఇస్తామన్నారు. దానితో బొమ్మలూ నిలిచాయి, పెన్షన్ల మీద కోతా తగ్గింది. మీ లెక్కలో ‘ఉంటే సంతోషం’ ఖాతాలో పడే సంస్థే ఆ రోజు డబ్బు తెచ్చిపెట్టింది. ప్రతి నగరానికీ అలాంటి దాతలుంటారని నేననడంలేదు.

మొండిపట్టు:

సరే, పన్నూ వద్దు, కోతా వద్దు అంటే ఇంకో దారి ఉంది. కౌన్సిల్‌కి స్థలాలు, పార్కింగ్, మార్కెట్లు ఎన్నో ఉంటాయి. లీజుకిచ్చేయండి. ప్రైవేటువాడు బాగా నడుపుతాడు, మనకి ఒకేసారి డబ్బు వస్తుంది.

పద్దుల పుస్తకం:

ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్నాను.

షికాగో సరిగ్గా అదే చేసింది. 2008లో వీధుల్లోని పార్కింగ్ మీటర్లని 75 ఏళ్ళకి లీజుకిచ్చి సుమారు 115 కోట్ల డాలర్లు తీసుకుంది. తర్వాతి ఏడాది ఆ నగరపు ఇన్‌స్పెక్టర్ జనరలే (పోలీసు కాదు, నగర పాలనని తనిఖీ చేసే అధికారి) లెక్కగట్టి, దాదాపు 97 కోట్ల డాలర్లు తక్కువకి పోయిందన్నారు. వచ్చినదాంట్లో చాలాభాగం రెండు మూడేళ్ళలో బడ్జెట్ లోట్లకే కరిగిపోయింది. లీజు మాత్రం 2083దాకా ఉంది. వీధిలో ఏదైనా వేడుకకో పనికో మీటర్లు ఆపాల్సొస్తే, నష్టం కింద కంపెనీకి నగరమే ఎదురు కట్టాలి.

లీజుకివ్వడమే తప్పని కాదు. ఒక్కసారి వచ్చే డబ్బుతో ఏటా వచ్చే ఖర్చు గడపడం తప్పు. ఒక్కసారి డబ్బు వస్తే ఒక్కసారి అయ్యే పనికే పెట్టాలి. పాత అప్పు తీర్చండి, కారే పైపులు మార్చండి, కరెంటు తక్కువ తాగే దీపాలు పెట్టండి. అప్పుడు వచ్చే ఏడాది బిల్లే తగ్గుతుంది.

1975లో న్యూయార్క్ చిక్కుకున్నదీ ఇలాంటి దాంట్లోనే. రోజువారీ ఖర్చుల్ని కూడా క్యాపిటల్ బడ్జెట్‌లో, అంటే కట్టడాల్లాంటి దీర్ఘకాలిక పనుల పద్దులో, చూపించి, స్వల్పకాలిక అప్పుల మీద అప్పులు చేసింది. బ్యాంకులు ఒకరోజు ఇక అప్పివ్వలేం అన్నాయి. తర్వాత ఆ నగర యూనివర్సిటీ తరతరాల ఉచిత చదువుకి స్వస్తి చెప్పి 1976లో ఫీజు పెట్టింది. బిల్డింగ్‌కి రిపేర్ వాయిదా వేయడం కూడా ఇలాంటి అప్పే, కాకపోతే ఎక్కడా రాయరు. నేను పనిచేసినచోట ఒక హాలు కప్పు కారుతుంటే రెండేళ్ళు ‘వచ్చే బడ్జెట్‌లో’ అన్నారు. రిజిస్టర్లు తడవకుండా బీరువా జరిపారు, కింద బకెట్ పెట్టారు. మూడో ఏడాది పెచ్చులూడి ఇనుప కమ్మీ కనిపించింది. పూత పూస్తే పోయేదానికి స్లాబే పగలగొట్టాల్సొచ్చింది.

నాలుగురోడ్ల కూడలి:

అంటే తిరిగి తిరిగి పన్ను దగ్గరికే తెస్తున్నారు.

పన్ను పెంచితే సేవలు నిలుస్తాయన్న గ్యారంటీ ఏది? ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ కౌన్సిల్‌ని చూడండి. 2023 సెప్టెంబర్‌లో, చట్టం ప్రకారం తప్పనిసరి కాని కొత్త ఖర్చులన్నీ ఆపేస్తున్నామని నోటీసు ఇచ్చింది. ఏళ్ళ తరబడి ఆడ ఉద్యోగులకి సమాన జీతం ఇవ్వనందుకు వచ్చిన బకాయిల భారం, పైగా కొత్త కంప్యూటర్ సిస్టమ్ గందరగోళం. 2024లో కౌన్సిల్ టాక్స్ (ఇళ్ళ మీద వేసే స్థానిక పన్ను) 9.99 శాతం పెంచారు. సేవలూ కోశారు. జనానికి రెండు వైపులా వాత.

వీధిదీపం:

బర్మింగ్‌హామ్ మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. అక్కడ గుంత పడింది లైబ్రరీ ఖర్చుతో కాదు. ఇవ్వాల్సిన జీతం ఇవ్వకుండా ‘ఆదా’ చేశారు, అది వడ్డీతో సహా తిరిగొచ్చింది. మూల్యం మాత్రం లైబ్రరీలు, యువజన సేవలు కట్టాయి.

ఇక పన్నుకి గట్టిగా మూత వేస్తే ఏమవుతుందో కాలిఫోర్నియా చూపించింది. 1978లో ఓటర్లు ఆస్తి పన్నుని విలువలో 1 శాతానికి కట్టేశారు, ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదన్నారు. ఫలితంగా పక్కపక్కనే ఒకేలాంటి రెండు ఇళ్ళు, నిన్న కొన్నవాళ్ళు కట్టేది ఎన్నో ఏళ్ళ క్రితం కొన్నవాళ్ళు కట్టేదానికి ఎన్నో రెట్లు. కౌన్సిళ్ళు ఫీజుల మీద, అమ్మకపు పన్ను మీద పడ్డాయి.

గళ్ళ గొడుగు:

జనాన్నే అడిగితే పోలా? బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రె 1989 నుంచి పేటల వారీగా సభలు పెట్టి ఏ పని ముందో జనం చేతే తేల్పించింది. పేదల పేటలకి మురుగు పైపులు అలాగే వెళ్ళాయి. పారిస్ కూడా 2014 నుంచి పెట్టుబడి బడ్జెట్‌లో (కొత్త నిర్మాణాలకి పెట్టే డబ్బులో) 5 శాతం జనం ఓటుకి వదిలింది.

పద్దుల పుస్తకం:

బాగానే ఉంటుంది, కానీ చూడండి, 5 శాతం, అదీ పెట్టుబడిలో. కొత్తవి నిర్మించేటప్పుడు అడుగుతున్నారు, కోసేటప్పుడు కాదు. డబ్బు ఉన్నప్పుడు సభ పెట్టడం ఎవరికైనా హుషారే. పోర్టో అలెగ్రెలో కూడా 2017లో ఆపేశారు.

మొండిపట్టు గారి ఫీజు మాటని నేను పూర్తిగా కొట్టెయ్యను. ఫంక్షన్‌కి హాలు తీసుకునేవాళ్ళ దగ్గర పూర్తి ఖర్చు వసూలు చేయాల్సిందే. ఏళ్ళ తరబడి అద్దె పెంచకుండా వదిలేస్తారు, ఎందుకంటే బుక్ చేసుకునేది పలుకుబడి ఉన్నవాళ్ళు. పిల్లల రీడింగ్ రూమ్‌కి టికెట్ పెడితే మాత్రం ముందు ఆగిపోయేది ఇంట్లో పుస్తకం లేని పిల్లే. టికెట్ చించడానికి ఒక మనిషిని పెట్టాలి, వచ్చిన డబ్బు అతని జీతానికి కూడా చాలదు. అలాంటి కౌంటర్ ఒకటి చూశాను కూడా.

నాలుగురోడ్ల కూడలి:

ఒక్కటి ఒప్పుకుంటున్నాను. ‘ముందు వీటినే తగ్గించాలి’ అన్నప్పుడు తగ్గిస్తే నిజంగా ఎంత మిగులుతుందో నేను లెక్క చూడలేదు. పద్దు మొత్తం మిగులుతుందనుకున్నాను. అయినా కోతలే వద్దనే దగ్గరికి నేను రాను. ముగ్గురు వచ్చే చోట ముగ్గురు ఉద్యోగులుంటే అది సేవ కాదు.

పద్దులు గారూ, కౌన్సిల్ మీటింగ్‌లో మామూలు మనిషి నిలబడి ఒక్క ప్రశ్న అడగాలంటే ఏది అడగాలి?

పద్దుల పుస్తకం:

కోత లిస్టులో ఒక్కో పద్దు చూపించి, ‘ఇది మూసేశాక కూడా ఆగని ఖర్చు ఎంత?’ అని అడగండి. ఆ అంకె షీట్‌లో ఉండదు. పక్కనున్న అకౌంట్స్ ఆఫీసర్ వైపు అందరూ తిరుగుతారు. ‘వచ్చే మీటింగ్‌కి ఇస్తాం’ అంటారు. అలా అంటే, ఆ మాటని మినిట్స్‌లో రాయించండి. రాయకపోతే వచ్చే మీటింగ్‌కి ఎవరికీ గుర్తుండదు.

సాయంత్రం పాఠకురాలు:

వీలైతే ఆ మీటింగ్ సాయంత్రం ఆరు తర్వాత పెట్టమని కూడా అడగండి.

మొండిపట్టు:

ఈతకొలను టికెట్ విషయంలో నేనింకా అక్కడే ఉన్నాను.