పిల్లలకు ఫార్వర్డ్‌లు నమ్మకుండా చూసుకోవడం ఎలా నేర్పాలి?

మారతహళ్లి అమ్మ:
మావాడు ఎనిమిదో తరగతి. మొన్న ట్యూషన్ గ్రూపులో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఒక ఫొటో వస్తే, దాన్ని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశాడు. సాయంత్రానికల్లా పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడను వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. రెండేళ్లుగా మా వీధికి వస్తున్న మనిషి! నేను కోప్పడితే, "అమ్మమ్మ పంపితే నువ్వేమీ అనవుగా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఫోన్ లాక్కోవడం తప్ప ఇంకేం చేయొచ్చు?

పాత బెంగళూరు:
దీన్ని చిన్న విషయం అనుకోకండి. 2018 మే నెలలో మన చామరాజపేటలోనే ఇలాంటి పుకారు నమ్మి, రాజస్థాన్ నుంచి పనికోసం వచ్చిన ఒక కుర్రాణ్ణి కొట్టి చంపేశారు. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక కిడ్నాప్ వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం, చివర్లో పిల్లాణ్ణి తిరిగి దింపేసి బోర్డు చూపించే ముక్క ఎవరో కత్తిరించి వదిలారు. ఈ సంగతి మీవాడికి కూర్చోబెట్టి చెప్పండి, వింటాడు.

టీచర్, హెచ్ఎస్ఆర్:
మా క్లాసులో నేను చేసేది చెప్తాను. ఫొటోను గూగుల్ లెన్స్‌లో పెట్టించి అది ముందు ఎప్పుడు, ఎక్కడ వచ్చిందో వాళ్లచేతే వెతికిస్తాను. పాత ఫొటో అయితే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది, కానీ ఏఐతో కొత్తగా చేసినదైతే దొరక్కపోవచ్చు, అందుకే దొరకలేదు కాబట్టి నిజమే అనుకోవద్దని పదేపదే చెప్తాను. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే ఆ మెసేజ్ కనీసం ఐదు చేతులు మారిందని అర్థం, అంటే పంపినవాళ్లకు కూడా మొదట ఎవరు రాశారో తెలియదన్నమాట. కేరళలో కన్నూరు జిల్లా ప్రభుత్వ బడుల్లో 2018లోనే ఇలాంటి పాఠాలు చెప్పారు, మన దగ్గర ప్రతి బడిలో ఎందుకు లేవో అని నాకు చాలా బాధ.

ఇద్దరు పిల్లల నాన్న:
లెన్స్ సరేనండీ, వాడు అడిగినదానికి జవాబేది? అమ్మమ్మకు చెప్పకుండా వాడికొక్కడికే చెప్తే ఒప్పుకోడు. మా నాన్నగారికి మా అమ్మాయే చూపించింది, తాతయ్యా ఇది ఎవరు రాశారు అని అడిగితే ఆయనే తడుముకున్నారు. ఇప్పుడు అనుమానం వస్తే ముందు దానికే ఫోన్ చేస్తారు.

మారతహళ్లి అమ్మ:
నిన్న రాత్రి ముగ్గురం వీడియో కాల్‌లో కూర్చుని ఆ ఫొటో వెతికాం. ఎప్పటిదో, వేరే ఊరిది. అమ్మ కాసేపు మాట్లాడలేదు, మావాడైతే ఏడ్చేశాడు. అపార్ట్‌మెంట్ గ్రూపులో తప్పైందని వాడే రాశాడు. ఆదివారం ఆవిడ వచ్చినప్పుడు గేటు దగ్గర తనే నిలబడతానంటున్నాడు.