‘కాటన్’ అని వెతికితే ఏ పేజీ తెరుచుకోవాలి?

సూచిక: మన విజ్ఞాన సర్వస్వంలో ‘కాటన్’ అని కొడితే నేరుగా సర్ ఆర్థర్ కాటన్ పేజీ వస్తోంది. దాన్ని అయోమయ నివృత్తి పేజీ చేద్దాం, అంటే ఒకే పేరున్న వ్యాసాలన్నిటికీ లింకులిచ్చే పేజీ. అదే ఇంటిపేరుతో ఇంకో ఇద్దరున్నారు, వాళ్ల పేర్లతో పెద్ద సంస్థలున్నాయి. సిమ్లా (1859), బెంగళూరు (1865) బిషప్ కాటన్ స్కూళ్లకు కలకత్తా బిషప్ జార్జ్ కాటన్ పేరు పెట్టారు. గువాహటి కాటన్ యూనివర్సిటీ 1901లో కాలేజీగా మొదలైంది, అది అస్సాం చీఫ్ కమిషనర్ హెన్రీ కాటన్ పేరు. 1904 బొంబాయి కాంగ్రెస్ మహాసభ అధ్యక్షుడు కూడా ఈయనే.

గోదారిగట్టు: ఒప్పుకోను. తెలుగువాడికి కాటన్ అంటే ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దొర ఒక్కరే. గోదావరి స్నానంలో చెప్పే శ్లోకంలో కూడా ఆయన పేరుంది. సిమ్లా స్కూలు కోసం తెలుగులో ఎవరు వెతుకుతారండీ? పేజీ పైన ‘ఇతర కాటన్‌ల కోసం ఇక్కడ చూడండి’ అని ఒక మూస (తయారుగా ఉండే సూచన పెట్టె) పెడితే సరిపోతుంది.

సూచిక: మూస చాలదు. ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ నొక్కి చూడండి. బెంగళూరు స్కూలు వ్యాసంలో ‘కాటన్’ చుట్టూ లింకు కోసం ఉత్త చదరపు బ్రాకెట్లు పెట్టారు, అది ఆర్థర్ దగ్గరికి పోయింది. ఆ తర్వాత ఎవరో దాన్ని చూసి ‘నీటిపారుదల ఇంజనీరు పేరున వెలసిన పాఠశాల’ అని రాసేశారు. మంగళగిరి చీరల వ్యాసంలో కాటన్ నొక్కినా దొరే వస్తున్నాడు! అయోమయ నివృత్తి పేజీకి పోయే లింకులైతే నిర్వహణ జాబితాలో కనబడతాయి, సరిదిద్దుకోవచ్చు. సరైన పేరున్న పేజీకి పోయే తప్పు లింకు ఏ జాబితాకూ చిక్కదు.

నీలిసిరా: చీరల లింకు ఇప్పుడే తీసేశాను.

గోదారిగట్టు: లింకు పెట్టినవాడి పొరపాటుకు పేజీని ఎందుకు కదపాలి? బిషప్ 1866లో బెంగాల్‌లోని కుష్టియా దగ్గర నదిలో మునిగి చనిపోయాడు, ఆర్థర్ 1899 దాకా బతికాడు. ఇద్దరినీ కలిపేసేవాళ్లు ఏ పేజీ పెట్టినా కలిపేస్తారు. పోయిన నెల నేను చేర్చిన రెండు పేరాలు కూడా ఇలాగే ‘నిర్వహణ’ పేరు చెప్పి కొట్టేశారు.

సూచిక: ఆ పేరాల్లో ఇప్పుడున్న బ్యారేజీని ఆర్థరే కట్టినట్టు రాశారు. ఆయన ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బ్యారేజీ 20వ శతాబ్దంలో దాని స్థానంలో వచ్చింది, దానికి ఆయన పేరు పెట్టారంతే. మనిషి వేరు, ఆ పేరున్న కట్టడం వేరు. నేను మొదటినుంచీ అంటున్నది ఇదే.

గోదారిగట్టు: అసలు మీకు కాటన్ దొర అంటే గిట్టదు, సూటిగా చెప్పండి.

సూచిక: గిట్టకపోవడం కాదు. ఆ పేజీని గుడి చేశారు. కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్నకు అక్కడ ఒక్క వాక్యం. దాన్ని పెంచిన ప్రతిసారీ తగ్గిస్తున్నారు. ‘కాటన్’ అనే మాట కూడా ఆ ఒక్క పేజీకే రాసిచ్చేస్తే ఇక ఎవరూ చెయ్యి పెట్టలేరు.

గోదారిగట్టు: డెల్టా అన్నం తిన్నవాళ్లకు అది గుడే. వీరన్న గారిది విడి వ్యాసం రాయండి, నేనే లింకు ఇస్తాను. దొర పేజీలో దొరను తగ్గించడానికి మాత్రం వీరన్న పేరు వాడుకోకండి.

నీలిసిరా: ముందు పని కానివ్వండి. వ్యాసాల పేర్లు పూర్తిగా ఉండాలి: ‘ఆర్థర్ కాటన్’, ‘హెన్రీ కాటన్’, ‘జార్జ్ కాటన్ (బిషప్)’. ‘కాటన్ దొర’ అని వెతికితే తెరుచుకునే దారిమార్పు ఆర్థర్‌కే ఉంచుదాం, ఆ మాట ఇంకెవరికీ వాడరు. వ్యాసాల అకారాది పట్టికలో ‘కాటన్, ఆర్థర్ (1803–1899)’ అని సంవత్సరాలతో ఇవ్వాలి. పాత లింకులన్నీ సరిచేశాకే ‘కాటన్’ను మార్చాలి. వరస తిరగబడితే వ్యాసాల్లోని లింకులన్నీ ఒకేసారి అయోమయంలోకి పోతాయి.

గోదారిగట్టు: ‘కాటన్ దొర’ మీద ఒప్పందమే. ‘కాటన్’ మీద నా అభ్యంతరం అలాగే ఉంది, నమోదు చేయండి.

సూచిక: నమోదైంది. వీరన్న వ్యాసం చిత్తుప్రతి ఈ రాత్రికి పెడతాను.