ప్రాణం పోతేనే పెద్ద శిక్షా? మీ సలహా కావాలి

అందరికీ నమస్కారం. పోయిన నెల రోడ్డు దాటుతుంటే ఒక కారు మా తమ్ముణ్ణి గుద్దేసింది. కాలు విరిగింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి వాడి చెప్పు ఒకటి డివైడర్ అవతల పడుంది. డ్రైవర్ చేతిలో ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది, సగం టైప్ చేసిన మెసేజ్‌తో. కుర్రాడు, వణికిపోతున్నాడు.

ఆ కోపంలో జైలుకి పంపాల్సిందే అనుకున్నాను. ఇప్పుడు ఎటూ తేలట్లేదు. తమ్ముడు రెండడుగులు వెనకుంటే ఆ కుర్రాడు అదే మెసేజ్ కొట్టుకుంటూ హాయిగా వెళ్లిపోయేవాడు. రెండడుగులు ముందుంటే వీడి ప్రాణమే పోయేది. తప్పు మాత్రం అదే కదా! మరి శిక్ష తప్పుని బట్టా, జరిగిన నష్టాన్ని బట్టా?

బ్రిటన్‌లో ప్రమాదకరంగా నడిపి ఎవరి చావుకైనా కారణమైతే గరిష్ఠ శిక్షను 2022లో 14 ఏళ్ల నుంచి యావజ్జీవానికి పెంచారు. ఫిన్లాండ్‌లో వేగం మరీ మించితే జరిమానా ఆదాయాన్ని బట్టి వేస్తారు. నాకు ఈ రెండోదే నచ్చింది. ఒకే జరిమానా ఒకరికి నెల జీతం, ఇంకొకరికి చిల్లర డబ్బులు. కానీ సంపాదనే లేని కుర్రాడికి ఎంత వేస్తారు?

లాయర్లు, ఇలాంటి కేసులు దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి. లైసెన్సు కొన్నేళ్లు రద్దు చేస్తే నిజంగా మారతారా, లేక లైసెన్సు లేకుండానే నడిపేస్తారా? వాళ్ల నాన్నగారు రాజీ కోసం రోజూ ఫోన్ చేస్తున్నారు. తమ్ముడేమో "వదిలెయ్ అక్కా" అంటున్నాడు. ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పాలి.