మిక్సీ లింకు పక్కన "నాకు కమీషన్ వస్తుంది" అని రాయాలా?

పోపుల డబ్బా (రాజమండ్రి):
ఇంటి ఖర్చులు తగ్గించుకోవడం గురించి రెండేళ్లుగా చిన్న వెబ్‌సైట్‌లో రాస్తున్నాను. ఆరు నెలల నుంచి అమెజాన్ లింకులు కూడా పెడుతున్నాను, వాటి ద్వారా ఎవరైనా కొంటే నాకు కమీషన్ వస్తుంది. ఇప్పటిదాకా చేతికొచ్చింది 1,140 రూపాయలు.

పోయిన వారం మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, నువ్వు రాశావని మిక్సీ కొన్నాను. అందులో నీకు డబ్బులొస్తాయట కదా, ముందే చెప్తే ఏం పోయింది?" నవ్వుతూనే అంది గానీ, ఆ పూట నాకు అన్నం సహించలేదు. పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో రాశాను, అదీ ఇంగ్లిషులో. అంతదాకా ఎవరు వెళ్తారు!

అసలు బాధ వేరే ఉంది. వాళ్ల పాత మిక్సీలో పోయింది కప్లర్, అంటే జారును మోటారుకు కలిపే చిన్న భాగం, అదొక్కటేనట. మాది పోతే మా వీధి చివర రిపేరు కొట్టులో 80 రూపాయలకు మార్చారు. ఆ ముక్క నేను రాయలేదు. కావాలని దాచలేదు, తట్టలేదంతే. లింకు లేకపోతే తట్టేదేమో అనిపిస్తోంది.

ఈ కమీషన్ మాట ఎక్కడ, ఎలా పెట్టాలి? పెడితే ఎవరూ నొక్కరేమోనన్న భయమూ ఉంది, మీ దగ్గర దాచడమెందుకు.

లెక్కల పుస్తకం:
ఇది మన ఇష్టానికి వదిలేసిన విషయం కాదండీ. ప్రకటనల ప్రమాణాల మండలి, అదే యాస్కీ, 2021లో దీనికి నియమాలు పెట్టింది. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మళ్లీ చెప్పింది: మీకు లాభముంటే ఆ సంగతి చదివేవాళ్ల కంట పడేలా, తేలిక మాటల్లో ఉండాలి. అట్టడుగున పెడితే పెట్టనట్టే. అమెజాన్ కూడా ఆ మాట రాయాల్సిందేనంటుంది.

ఇంకోటి, చాలామందికి తెలియదు. మీ లింకు నొక్కినవాళ్లు మిక్సీ వదిలేసి 24 గంటల్లో చెప్పులు కొన్నా మీకు కమీషన్ రావచ్చు. కొనేవాళ్లకు ధర మాత్రం పెరగదు. ఈ రెండూ కలిపి చెప్పండి.

అటక మీది ట్రంకు (వరంగల్):
నేను చదివేవాణ్ణే, రాసేవాణ్ణి కాదు. కమీషన్ తీసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, కిరాణా కొట్టాయన ఊరికే అమ్ముతాడా? నాకు ఒళ్లు మండేది పొదుపు పేరు చెప్పి పన్నెండు గాజు డబ్బాల సెట్టు కొనమన్నప్పుడు. మా అమ్మ హార్లిక్స్ సీసాల్లో ముప్పై ఏళ్లు పప్పులు పోసింది. మీరు ఆ వస్తువు ఎన్నాళ్లు వాడారు, ఏం పాడైంది, రిపేరుకు ఎంతైంది? అవి రాయండి, లింకు నేనే వెతుక్కుని నొక్కుతా.

పోపుల డబ్బా:
ఇద్దరికీ థ్యాంక్సండీ. లింకుకు పైనే ఇలా మార్చాను: "దీని ద్వారా కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది, మీకు ధర పెరగదు. ముందు మీ పాత మిక్సీ కప్లర్ చూపించుకోండి." గాజు డబ్బాల లింకు తీసేశాను. (అవును, అది నేనూ పెట్టాను!) నిన్న ఒకావిడ కప్లర్ మార్పించుకున్నానని కామెంటు పెట్టింది. ఆ అమ్మకం పోయినట్టే.

మా ఆడపడుచు పాత మిక్సీ ఇంకా అటక మీదే ఉందట. ఆదివారం పట్టుకు రమ్మన్నాను, 80 రూపాయలు నావే.