కప్ప ఒళ్లు గెంతడం కోసమా, ఈదడం కోసమా?

చెరువుగట్టు (జక్కూరు, బెంగళూరు)
ఆదివారం జక్కూరు చెరువు దగ్గర నడకకు వెళ్లినప్పుడు మన తెలుగు మిత్రుల్లో ఇద్దరు దీని మీద గట్టిగా వాదించుకున్నారు. కప్ప శరీరం ఇలా మారింది గెంతడానికేనని ఒకరు, కాదు, ఈదడానికని ఇంకొకరు. నేను గెంతు పక్షం.

డిగ్రీలో కప్ప అస్థిపంజరం చూసినవాళ్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. వెన్ను పొట్టిది. చాలా కప్పల్లో తుంటికి ముందు ఉండే వెన్నుపూసలు 8 మాత్రమే, కొన్నింటిలో ఇంకా తక్కువ. తోక పూసలు కలిసిపోయి యూరోస్టైల్ అనే ఒకే కడ్డీగా మారాయి. దానికి చెరో పక్క నుంచి కటి ఎముకలు పొడుగ్గా ముందుకు సాగి వెన్నును అందుకుంటాయి. మోకాలి కింది రెండు ఎముకలు అతుక్కుపోయి ఒకటయ్యాయి. నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యం కలిగించేది చీలమండ. మనలో పొట్టిగా ఉండే రెండు ఎముకలు అక్కడ పొడవుగా సాగి, కాలికి ఇంకొక మడతను ఇచ్చాయి. తొడ, పిక్క, చీలమండ, పాదం కూర్చున్నప్పుడు ముడుచుకొని ఉంటాయి, గెంతేటప్పుడు విచ్చుకుంటాయి. కాలు ఎంత పొడుగైతే నేలను అంత ఎక్కువసేపు నెట్టవచ్చు. ముందరి కాళ్లు పొట్టివి, గట్టివి. నేల తగిలినప్పుడు దెబ్బ కాచుకునేవి అవే. ఈతకు వాటితో పనేముంది?

యలహంక వాసి
నేను ఒప్పుకోను. గెంతినా ఈదినా కప్ప వెనక కాళ్లు చేసే పని ఒక్కటే, రెండూ కలిపి వెనక్కి తన్నడం. ఆఫ్రికాలో జెనోపస్ అనే కప్ప దాదాపు బతుకంతా నీళ్లలోనే గడుపుతుంది. దాని కటి భాగం వెన్ను మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. దానివల్ల ప్రతి తన్నుకూ తోపు పెరుగుతుంది. అంత దూరం ఎందుకు, మన చెరువుల్లో అడుగుల చప్పుడు వినగానే నీటి పైపైనే ఎగురుకుంటూ పోయే కప్పను చూడండి. అది గెంతుతోందా, ఈదుతోందా? గుడ్డు నుంచి తోకకప్ప దాకా నీళ్లలోనే పెరిగే జీవి కాళ్ల గురించి మాట్లాడుతూ నీటినే పక్కన పెట్టడం నాకు సబబుగా లేదు.

జీవశాస్త్రం టీచర్ (మల్లేశ్వరం)
ఇద్దరూ ఇప్పటి కప్పలనే చూస్తున్నారు. శిలాజాల దగ్గరికి రండి.

మడగాస్కర్‌లో దొరికిన ట్రయాడోబాట్రకస్ సుమారు 25 కోట్ల ఏళ్ల నాటిది. తల అచ్చం కప్పదే. తుంటికి ముందు వెన్నుపూసలు మాత్రం 14, వెనక చిన్న తోక. మోకాలి కింది ఎముకలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. వెనక కాళ్లు పెద్ద పొడుగేమీ కావు. అది గెంతేది కాదనీ, నడిచేదనీ దాని కాళ్ల కొలతలు చూసినవారు అంటున్నారు. ఇక అమెరికాలోని అరిజోనాలో దొరికిన ప్రోసాలిరస్ గురించి 1995లో ప్రకటించారు. దాని వయసు దాదాపు 19 కోట్ల ఏళ్లు. పొడుగు కాళ్లు, పొడుగు కటి, యూరోస్టైల్, గెంతుకు కావలసిన సరంజామా దాదాపు అంతా అందులో ఉంది.

యలహంక వాసి గారూ, జెనోపస్ కప్పల వంశవృక్షంలో ఆ తర్వాత విడిపోయిన కొమ్మ. నీటికి తిరిగి వెళ్లిన కప్పను చూపించి మొదటి కప్పల సంగతి తేల్చలేం.

మరమ్మతుల మాస్టారు
యంత్రాలతో పని చేసేవాడిని కాబట్టి బలం సంగతి చెబుతాను. కప్ప గెంతులో వచ్చే శక్తి కండరం ఒక్కటే అంత తక్కువ సమయంలో ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ. అందుకే కాలు కదలకముందే పిక్క కండరం కుంచించుకుపోతుంది, దాన్ని పాదానికి కట్టే స్నాయువు సాగుతుంది, ఆ తర్వాత ఆ స్నాయువు ఉండేలు రబ్బరులా ఒక్కసారిగా వదులుతుంది. ఎక్స్‌రే వీడియోల్లో దీన్ని చూశారు.

హెసరఘట్ట మిత్రుడు
నేలలోకి తవ్వుకునే కప్పల్ని ఎవరూ తలచుకోరేం? 2020లో బెంగళూరు శివార్ల నుంచే ఒక కొత్త జాతిని ప్రకటించి, దానికి స్ఫీరోథీకా బెంగళూరు అని ఈ నగరం పేరే పెట్టారు. స్ఫీరోథీకా కప్పల పాదం లోపలి అంచున గట్టి బొడిపె ఉంటుంది. దానితో మట్టిని పక్కకు నెట్టుకుంటూ వెనక్కి వెనక్కి దిగిపోతాయి. కాళ్లు పొట్టివి, ఒళ్లు గుండ్రం. పడమటి కనుమల్లో 2003లో ప్రకటించిన ఊదారంగు కప్ప కూడా ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోనే ఉంటుంది. కప్ప ఒళ్లంటే గెంతు ఒక్కటే అంటే ఇవి ఎక్కడికి పోవాలి?

చెరువుగట్టు
అవి గెంతే కప్పల సంతతే కదా. ఆ బొడిపె ఉన్న కాలులోనూ పిక్క ఎముకలు అతుక్కునే ఉన్నాయి, తుంటి వెనక యూరోస్టైల్ ఉంది. పాత ఒంటినే కొత్త పనికి దిద్దుకున్నాయి.

యలహంక వాసి
అలా అయితే నాదీ అదే ప్రశ్న. గెంతు మాత్రం ఈత నుంచి దిద్దుకున్నది ఎందుకు కాకూడదు?

జీవశాస్త్రం టీచర్
ఎందుకంటే పాత కొమ్మలకు చెందిన కప్పలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. న్యూజిలాండ్‌లో లియోపెల్మా, ఉత్తర అమెరికాలో అస్కాఫస్. ఇవి గెంతేటప్పుడు రెండు కాళ్లూ కలిపే తన్నుతాయి. ఈదేటప్పుడు మాత్రం ఒక కాలి తర్వాత ఇంకొక కాలు ఆడిస్తాయి. మీరు చెప్పే ఈత తన్ను వాటికి లేనే లేదు. అంటే రెండు కాళ్లూ కలిపి తన్నడం ముందు నేల మీద వచ్చి, తర్వాత నీళ్లలోకి వెళ్లిందని అనుకోవడమే సబబు. ఇంకొకటి గమనించండి. అస్కాఫస్ గెంతాక ముందరి కాళ్లు ఆనించదు, పొట్ట మీద దబ్బున పడుతుంది. ఎగరడం ముందు, చక్కగా దిగడం తర్వాత. ఒడ్డున కూర్చుని, ప్రమాదం వస్తే నీళ్లలోకి దూకే జీవికి ఎలా పడ్డా ఇబ్బంది లేదు. తొలి గెంతులు అందుకేనన్న ఊహ 1966 నుంచే ఉంది. నీటికి మీరు అడిగిన చోటు అక్కడ ఉంది, కాకపోతే చివరి గమ్యంగా.

యలహంక వాసి
ట్రయాడోబాట్రకస్ గెంతలేదన్నారు. కానీ దాని కటి ఎముక అప్పటికే ముందుకు సాగి ఉందని చదివాను. గెంతని జీవికి అది దేనికి?

జీవశాస్త్రం టీచర్
మంచి ప్రశ్న, ఇంకా తేలని ప్రశ్న. కటి సాగడం, తోక తగ్గడం ముందే మొదలయ్యాయి, కాళ్లు తర్వాత పొడుగయ్యాయి. కాబట్టి రెండింటినీ విడిగా అడగాలి. కాళ్ల విషయంలో నేను గెంతు పక్షమే. కటి మొదట్లో ఎందుకు సాగిందో తేలాలంటే ఆ 25 కోట్లకూ 19 కోట్లకూ మధ్య కాలపు శిలాజాలు కావాలి. పోలండ్‌లో దొరికిన కొన్ని విడి ఎముకలు దాదాపు ట్రయాడోబాట్రకస్ నాటివే. ఆ తర్వాతి కాలానివి మాత్రం చాలా తక్కువ.