దెయ్యాల పుస్తకాలు పిల్లలకి ఇవ్వొచ్చా?

మూడులాంతర్ల నాన్న: మాది విజయనగరం. మావాడు తొమ్మిదో తరగతి. క్లాసు పుస్తకం ముట్టడు గానీ దెయ్యాలు, మంత్రగాళ్లు, గ్రహాంతరవాసులు ఉన్న పుస్తకం దొరికితే అన్నం కూడా మరిచిపోతాడు. రాత్రి బాత్రూంకి మాత్రం నేను తోడు వెళ్లాలి. మాన్పించాలా, చదవనివ్వాలా?

పాలకొండ మాస్టారు: మాన్పించండి. గురజాడ తిరిగిన ఊళ్లో ఉంటూ దెయ్యాల పుస్తకాలేమిటండీ? 1997లో కథారచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) శ్రీకాకుళంలో కథానిలయం అని కథల లైబ్రరీ పెట్టారు. పిల్లాణ్ణి ఓసారి అక్కడికి తీసుకెళ్లండి. మన వైపు కథంటే రైతు, అప్పు, వలస. మాయల కోటలతో ఎవరి కడుపూ నిండదు.

పలాస పిల్ల: కథానిలయం ఆశయం తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చడం మాస్టారూ. ఇది మంచి జాతి, ఇది కాదు అని ఏరి పారెయ్యడానికి పెట్టింది కాదు. 1947లో మొదలైన చందమామలో బేతాళ కథలు దశాబ్దాల పాటు వచ్చాయి. శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే రాజు కథ దెయ్యం కథ కాదా?

పాలకొండ మాస్టారు: కాదు. దానికి చివర్లో ప్రశ్న ఉంటుంది. న్యాయం తేల్చాలి.

పలాస పిల్ల: శవం మాట్లాడుతుందా, లేదా?

పాలకొండ మాస్టారు: మాట్లాడేది శవం కాదు, అందులోని బేతాళుడు.

పలాస పిల్ల: దెయ్యమంటే అదే కదండీ!

రింగురోడ్డు: బేతాళుడు మళ్ళీ చెట్టెక్కాడు. కానివ్వండి.

ఉద్దానం కుర్రోడు: సైన్స్ ఫిక్షన్‌ని దెయ్యాలతో కలిపెయ్యకండి. 1818లో మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల అచ్చయ్యేనాటికే, చచ్చిన కప్ప కాళ్లకి కరెంటు తగిలిస్తే కదులుతాయని తెలుసు. తాను చేసిన జీవికి ప్రాణం పోసినవాడు దాన్ని వదిలేసి పారిపోతే పాపం ఎవరిదని ఆవిడ అడిగింది. ఇక మా ఉద్దానం సంగతి. ఇన్నేళ్లుగా మా ఊళ్లలో కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లన్నారు, నేలన్నారు, పురుగుమందులన్నారు. ఫలానాదే కారణమని ఖాయంగా తేలలేదు. డయాలసిస్‌కి బస్సెక్కే మనిషి కథ రాస్తే మీ లెక్కలో వాస్తవం. అదే నేల యాభై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఊహించి రాస్తే మాయల కోటా?

పాలకొండ మాస్టారు: బాబూ, ముందు ఇవాళ్టి కష్టం రాయండి. పేదవాడి బతుకు రాయడానికి మనుషులు లేరు గానీ...

పలాస పిల్ల: పేదవాడి బతుకు నాకు చెప్పకండి. మా అమ్మ జీడిపిక్కలు ఒలిచేది. జీడి తగిలి వేళ్లు నల్లబడి తోలు ఊడొచ్చేది. అన్నం కలుపుకుంటే పులుసు మండేది, చెంచాతో తినేది. బళ్లో కూలీల కథ ఇచ్చి చదివి కదిలిపోవాలన్నారు. ఇంట్లో రోజూ చూసేదే కదా! లైబ్రరీలో దొరికిన రెక్కల గుర్రం కథే నాకు ఊపిరాడనిచ్చింది. కడుపు నిండినవాళ్ల పిల్లలకి రాక్షసులూ రాకెట్లూ, మాకు మాత్రం ఆకలి కథలా?

రింగురోడ్డు: 👏

పాలకొండ మాస్టారు: సరే, నేనూ చెప్తాను. మా మేనత్తకి చిన్నవయసులోనే భర్త పోయాడు. వీధిలో ఓ బాలింత చనిపోతే, ఈవిడే చిల్లంగి, అంటే చేతబడి, పెట్టిందన్నారు. ఆవిడ నూతి దగ్గరికొస్తే అందరూ బిందెలెత్తుకుని వెళ్లిపోయేవారు. ఆవిడ చేద ఎవరూ ముట్టేవారు కాదు. అప్పట్లో వారపత్రికల నిండా చేతబడి సీరియళ్లే. నేను చదివిన వాటిల్లో చేతబడి చేసేది ఎప్పుడూ ఒంటరి ఆడదో, కొండమీది మనిషో. మీకు కాలక్షేపం. మా ఇంటికి ఎవరూ పేరంటానికి పిలవలేదు.

ఉద్దానం కుర్రోడు: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది మాస్టారూ.

పలాస పిల్ల: ఆవిడ పడ్డది చదివితే కడుపులో దేవినట్టయింది. కానీ చిల్లంగి మాట సీరియళ్లకన్నా పాతది. అక్షరం రానివాళ్లు ఏ పత్రిక చదివి బిందెలెత్తారు?

పాలకొండ మాస్టారు: వాళ్లు చదవలేదు. చదివినవాళ్లు అరుగుమీద చెప్పారు. ఉన్న అనుమానానికి అచ్చులో సాక్ష్యం దొరికింది.

పలాస పిల్ల: అయితే అదే నుయ్యి, అవే బిందెలు తీసుకుని, ఊరి జనమే దెయ్యాలుగా నేను హారర్ రాస్తాను. ఒప్పుకుంటారా?

పాలకొండ మాస్టారు: రాయమ్మా, చదువుతాను. కానీ పుకారు పుట్టించినవాళ్లకి చివర్లో శిక్ష పడాలి.

పలాస పిల్ల: శిక్ష పడితే అది నీతికథ అవుతుంది మాస్టారూ. వాళ్లు హాయిగా బతికేస్తేనే భయం.

పాలకొండ మాస్టారు: హాయిగానే బతికారమ్మా. అది నాకు తెలుసు. కథలోనైనా వద్దంటున్నాను.