ఘనీభవించిన రొయ్యలు ఓడ ప్రయాణంలో: మెత్తబడిన సరుకును రీఫర్ (చల్లబరిచే యంత్రం అమర్చిన కంటైనర్) మళ్లీ గట్టిపరచగలదా?

ప్రశ్న (భీమవరం):
మా యూనిట్ నుంచి వనామీ రొయ్యలను విశాఖపట్నం రేవు ద్వారా అమెరికాకు పంపదలచాము. ఎక్కించేటప్పుడు సరుకు కాస్త మెత్తబడినా, రీఫర్ కంటైనర్‌ను మైనస్ 18 డిగ్రీలకు పెడితే దారిలో గట్టిపడుతుందని ఒక రవాణాదారు అంటున్నారు. ఇది నమ్మదగినదేనా? అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు 1:
దయచేసి నమ్మకండి. రీఫర్ యంత్రం ఉన్న చలిని నిలబెట్టడానికే గాని, సరుకును గడ్డకట్టించడానికి తయారైనది కాదు. మెత్తబడిన రొయ్య అందులో చాలా నెమ్మదిగా గడ్డకడుతుంది కనుక కండలో పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి, కొనుగోలుదారు కరిగించినప్పుడు నీరు కారిపోయి, బరువూ రుచీ రెండూ తగ్గుతాయి. అతిచల్లని గాలితో వేగంగా గడ్డకట్టించే బ్లాస్ట్ ఫ్రీజర్‌లో సరుకు మధ్యభాగం మైనస్ 18కి చేరిందని థర్మామీటరుతో చూసుకున్న తరువాతే ఎక్కించండి.

జవాబు 2:
పై మాట ముమ్మాటికీ నిజం. చల్లగాలి కంటైనర్ నేలలోని గాడుల గుండా వచ్చి, సరుకు చుట్టూ తిరిగి, పైనుంచి యంత్రానికి చేరుతుంది. అందువల్ల లోపలి గోడపై ఉన్న ఎర్రగీతను దాటి పెట్టెలు పేర్చకూడదు. గాలి మార్పిడి రంధ్రాలను పూర్తిగా మూయించండి, అవి శ్వాసించే తాజా పండ్ల కోసం ఉద్దేశించినవి. తలుపులు తెరిచి ఉన్నంతసేపు యంత్రాన్ని ఆపి ఉంచండి, లేకపోతే బయటి తేమ యంత్రంలో గాలిని చల్లబరిచే గొట్టాల (కాయిల్)పై మంచుగా పేరుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. రేవు వరకు లారీలో విద్యుత్తు మాటేమిటి?

జవాబు 2:
లారీకి జెన్‌సెట్ (కంటైనర్‌కు విద్యుత్తు ఇచ్చే జనరేటర్) తప్పనిసరిగా అడగండి. పెట్టెల మధ్య మీ సొంత డేటా లాగర్ (ఉష్ణోగ్రతను సమయంతో సహా నమోదు చేసే పరికరం) ఒకటి ఉంచితే, వివాదం వచ్చినప్పుడు చలి ఎక్కడ తప్పిందో తేదీతో సహా చూపగలుగుతారు.